స్టీలు సామాన్లవాడు వద్దన్న టైలు

"పాత బట్టలకి స్టీలు సామాన్లూ..." అని కేకేసుకుంటూ మా వీధిలోకి వచ్చే అతను దేన్నీ కాదనడు. అంచు చిరిగిన పట్టుచీర, మోకాళ్ల దగ్గర పల్చబడిన ప్యాంటు, రంగు వెలిసిన దుప్పటి, ఆఖరికి జిప్పు పోయిన స్కూలు సంచీ అయినా సరే. అన్నీ అరుగు మీద కుప్ప పోయించుకుని, ఒక్కొక్కటీ ఎండకేసి పట్టి చూసి, ఒక గిన్నె ముందుకు జరుపుతాడు. మనం ఇంకాస్త పెద్ద గిన్నె అడుగుతాం. అతను ఇంకో రెండు ప్యాంట్లు అడుగుతాడు. నా చిన్నప్పటి నుంచీ ఈ బేరం ఇలాగే నడుస్తోంది.

నాన్నగారి సంవత్సరీకాలు అయ్యాక ఆయన బీరువా సర్దుతూ, అమ్మ ఆ కుప్పలో టైలు కూడా వేసింది. మొత్తం 41. అతను ప్యాంట్లు తీసుకున్నాడు, చొక్కాలు తీసుకున్నాడు, శాలువా కూడా తీసుకున్నాడు. టైల కట్టని మాత్రం చేత్తో పక్కకి నెట్టాడు.

"ఇయ్యి వద్దమ్మా."

"ఏం? ఒక్క చిరుగు లేదు కదయ్యా. చూడు, ఇది అచ్చంగా పట్టు" అంది అమ్మ.

"ఆయ్, పట్టేనండి. పట్టయితే మాత్రం, ఎవరు కట్టుకుంటారండి?"

అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను. టైలన్నీ లోపలికి తెచ్చి కుట్టుమిషను పక్కనున్న బుట్టలో పడేశాను. ఆ తర్వాత మూడేళ్లు వాటితో కుస్తీ పట్టాను. కుట్టాను, విప్పాను, మళ్లీ కుట్టాను. పాత టైలతో అద్భుతాలు చేసి చూపించే వీడియోలు చూసి రెండుసార్లు బోల్తా పడ్డాను. ఇంత చేసి చివరికి నేను వచ్చి ఆగింది అతను మా అరుగు మీద అన్న ఆ మాట దగ్గరే. అమ్మ గుడ్డని చూస్తోంది, అతను ఆ గుడ్డకి మిగిలిన రోజుల్ని చూస్తున్నాడు. పాత బట్టలతో కొత్త బట్టలు కుట్టి ఫోటోలు పెట్టుకునే మాలాంటి వాళ్లం ముందు అతని లెక్క నేర్చుకోవాలని నా వాదన. ఆ లెక్క ప్రకారం మేం కుట్టేవాటిలో సగానికి పైగా చెత్తే. నావి కూడా కలుపుకునే చెబుతున్నాను.

నాన్నగారు మెడికల్ రిప్రజెంటేటివ్. 29 ఏళ్లు అదే పని. పాలకొల్లులో ఇల్లు, భీమవరం, తణుకు, నర్సాపురం, రాజోలు, అమలాపురం తిరుగుడు. స్కూటరు, నల్ల తోలు బ్యాగు, మెడలో టై. మే నెలలో ఈ డెల్టా ఉక్కపోత ఎలా ఉంటుందో ఇక్కడి వాళ్లకి చెప్పక్కర్లేదు. నీళ్లు నిండిన కాలవల మధ్య, గాలి కదలని మధ్యాహ్నం పూట, ఉతికి ఆరేసిన పంచె కూడా చెమ్మ వదలదు. అలాంటి ఎండలో చొక్కా పై గుండీ బిగించి, దాని మీద ఇంకో గుడ్డ ముడేసుకుని డాక్టరు గది బయట బల్ల మీద గంటలకి గంటలు కూర్చునేవారు. ఆయన దాన్ని టై అనేవారు కాదు, పలుపు అనేవారు. "ఏవే, నా పలుపు ఎక్కడ పెట్టావు?" అని పొద్దున్నే అరుపు. గేదెకి పలుపు వేసేవాడు కనీసం మధ్యాహ్నం నీడకి కడతాడు, మా కంపెనీవాళ్లకి అదీ లేదు అని వేళాకోళం.

నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద గోదావరి దాటేటప్పుడు మాత్రం టై విప్పేసేవారట. వశిష్ఠ పాయ మీద గాలికి పై రెండు గుండీలు తీసి నిలబడి, పంటు ఆ ఒడ్డుకి తగిలేలోపు స్కూటరు అద్దంలో చూసుకుని మళ్లీ కట్టుకోవడం. ఒకసారి సెలవుల్లో నన్ను కూడా తీసుకెళ్లారు. ఆ పది పదిహేను నిమిషాలూ ఆయన వేరే మనిషిలా కనిపించారు. జేబులోంచి టై కొస బయటికి వేలాడుతుంటే పక్కనున్న కొబ్బరికాయల వ్యాపారి "జారిపోద్దండి బాబూ" అని హెచ్చరించడం కూడా గుర్తుంది.

కొత్త మందు విడుదలైనప్పుడల్లా కంపెనీ ఒక టై ఇచ్చేది, మీద ఆ మందు గుర్తు సన్నగా నేసి. అందుకని మా ఇంట్లో టైలకి రంగుల పేర్లు ఉండేవి కాదు, జబ్బుల పేర్లు ఉండేవి. "ఇవాళ దగ్గుమందు కట్టుకోండి, ఈ చొక్కాకి నప్పుతుంది" అనేది అమ్మ. గ్యాసు మాత్ర టై మెరూన్ రంగు. పిల్లల టానిక్కుది ఆకుపచ్చ, మీద బుల్లి బుల్లి జిరాఫీలు. దాన్ని ఆయన ఒక్కసారి కట్టుకుని, మళ్లీ ముట్టుకోలేదు.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, నా చేతికొచ్చినవి వాడి వాడి అలిసిపోయిన టైలు. చాలామంది ఇళ్లల్లో ఉండేవి అలాంటివి కావు. పెళ్లి రిసెప్షన్‌కి సూటుతో పాటు కొన్న టై, క్యాంపస్ ఇంటర్వ్యూకి కొన్న టై, అమెరికా బాబాయి తెచ్చిచ్చిన టై. ఒకసారో రెండుసార్లో మెడకెక్కి, తర్వాత హ్యాంగరుకి ఉరేసుకుని ఉంటాయి. ఒకే వస్తువు, రెండు రకాల బతుకులు. వాటితో కుట్టేది కూడా రెండు రకాలుగా ఉండాలని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

మొదట నేను చేసింది శుద్ధ తెలివితక్కువ పని. వీడియోలో చూసినట్టే టైలని విప్పకుండా, వెడల్పు కొసలు కిందికి వచ్చేలా పక్కపక్కన పేర్చి, జిగ్‌జాగ్ కొట్టి లంగా కుట్టాను. టై పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి నడుము దగ్గర ఇరుకు, కింద ఘేరు దానంతటదే వస్తుంది. కొలతలు వెయ్యక్కర్లేదు, కత్తిరించక్కర్లేదు. 22 టైలు పట్టాయి. అంచు చుట్టూ 22 ముక్కోణాలు గుడి తోరణంలా వేలాడుతున్నాయి. ఎంత అందంగా ఉందో చెప్పలేను. ఫోటో పెడితే తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ మెచ్చుకున్నారు. మా అమ్మాయి ఒకసారి కాలేజీ ఫంక్షన్‌కి వేసుకుంది. నేను ఒకసారి ఇంట్లో వేసుకుని అరగంటలో విప్పేశాను. అంతే. రెండుసార్లు.

ఎందుకంటే టై అంటే కంటికి కనిపించే గుడ్డ ఒక్కటే కాదు. లోపల మందపాటి పట్టీ ఒకటి ఉంటుంది. మంచి టైలలో అది ఉన్నిది, చవక రకాల్లో పాలిస్టర్‌ది. ముడి బిగువుగా నిలబడేది, విప్పాక ముడతలు సర్దుకునేది దాని వల్లే. అంటే నేను పాలకొల్లులో, ఏప్రిల్‌లో, 22 మందపాటి పట్టీలు నడుముకి కట్టుకున్నానన్నమాట. నాన్నగారి మెడకి ఒక్క పలుపే ఉండేది.

లెక్కల టీచర్ని కాబట్టి నాకు ఒక పిచ్చి అలవాటు ఉంది. కుట్టినవాటి పేర్లు బీరువా తలుపు లోపలివైపు సుద్దతో రాసి, వేసుకున్నప్పుడల్లా పక్కన గీత గీస్తాను. లంగా దగ్గర రెండు గీతలు. ఏడాది గడిచినా రెండే. ఒకరోజు ఆ తలుపు తెరిచి నిలబడి ఆలోచిస్తే సిగ్గేసింది. ఆ టైలు నాన్నగారి మెడలో ఒక్కొక్కటీ ఎన్ని వందల రోజులు పని చేశాయో! నేను వాటి స్థాయి పెంచానని చెప్పుకుంటూ, తీసుకొచ్చి రెండు గీతల దగ్గర కూర్చోబెట్టాను.

మన దగ్గర పాత గుడ్డతో కుట్టడం కొత్త విషయమేం కాదు. బొంత లేని ఇల్లు ఉండేదా? మా అమ్మమ్మ పాత చీరలు నాలుగైదు మడతలు పరిచి, చుట్టూ కచ్చాకుట్టు వేసి, మధ్యలో వరసలు వరసలుగా కుట్టుకుంటూ వచ్చేది. ఆ బొంత మీద ముగ్గురు పిల్లలు పెరిగారు. చిరిగితే ఇంకో చీర పైన తొడిగేది. ఇక కుట్టడానికి లేదనుకున్నాక అది గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా అయ్యేది, ఆ తర్వాత పొయ్యి దగ్గర మసిగుడ్డ. ఆవిడ దానికి ఏ పేరూ పెట్టలేదు, ఎవరికీ చూపించలేదు. చూపించాలని తోచి కూడా ఉండదు. కానీ గీతలు గీస్తే బీరువా తలుపు చాలదు.

మా పిన్ని కూతురు హైదరాబాదులో ఉంటుంది. పాత బట్టలతో కుట్టిన సంచులూ, కోట్లూ అమ్మే స్టాల్ పెడుతుంటుంది. నా మాటకి తనకి ఒళ్లు మండింది. "నీకు అన్నీ లెక్కలే అక్కా. అందం చాలదా? గోడకి తగిలించే బొమ్మని ఎన్నిసార్లు వాడావని అడుగుతావా?" అంది. న్యాయమైన ప్రశ్నే. రెండు రోజులు ఆలోచించాను. గోడకి తగిలించే బొమ్మ గీస్తే బొమ్మ గీశానని చెప్పొచ్చు, దానికి నేనేం అనను. కానీ తను ఆ కోటుకి వేలాడదీసే అట్టముక్క మీద భూమిని కాపాడుతున్నామని రాసి ఉంటుంది. అక్కడే నాకు పేచీ. నా 41 టైలూ తూకం వేస్తే రెండు కిలోల పైచిలుకు ఉంటాయేమో. భూమి సంగతి సరే, అవి మా బీరువాలో ఒక అర ఖాళీ చేశాయి, అంతే. పాత గుడ్డని మళ్లీ కుట్టినందువల్ల ఏదైనా కలిసొచ్చేది ఎప్పుడంటే, దాని వల్ల ఇంకో కొత్త బట్ట కొనడం తప్పినప్పుడు. కొనడం తప్పాలంటే కుట్టింది వేసుకోవాలి. ఒంటికి పట్టాలి, చెమట పీల్చాలి, ఉతికితే ఉండాలి. వీటిలో ఏదీ ఫోటోలో కనపడదు.

ఇంకోవైపు చుట్టాలు. "నాన్నగారి టైలు ముక్కలు చెయ్యడానికి చేతులెలా వచ్చాయే?" అన్నారు మా పెద్దత్తయ్య. ఒకటి మంచిది చూసి ఫ్రేము కట్టించమని సలహా కూడా ఇచ్చారు. ఆయనకి టై అంటే ఎంత ప్రేమో పైన చెప్పాను కదా. పలుపుని ఫ్రేము కట్టించి, దండేసి, ఆయన ఫోటో పక్కన పెట్టాలట! ఆయన నవ్వేవారు, అది వేరే సంగతి.

లంగా మొత్తం విప్పేశాను. అసలు పని అక్కడే మొదలైంది, నాకు నచ్చిన పని కూడా అదే. ఎప్పుడైనా టై వెనక్కి తిప్పి చూడండి. మధ్యలో నిలువునా ఒక చేతికుట్టు ఉంటుంది, చివర చిన్న దారం ఉచ్చులా వదిలేసి ఉంటుంది. చాలామంది ఊడిపోయిందనుకుని కత్తిరిస్తారు. అది కావాలని వదిలిన దారం. ఆ కుట్టు ఒకే పొడవాటి పోగుతో, వదులుగా వేసి ఉంటుంది. టై లాగి కట్టినప్పుడు సాగి, విప్పినప్పుడు మళ్లీ లోపలికి పోవడానికి ఆ మిగులు దారం కావాలి. రెండు కొసల్లో అడ్డంగా వేసిన గట్టి కుట్లు బ్లేడుతో తెంపి, ఈ పోగు పట్టుకుని లాగితే మొత్తం టై పుస్తకంలా తెరుచుకుంటుంది. నాలుగు వేళ్ల వెడల్పున్నది కాస్తా జానెడు దాకా అవుతుంది. లోపల రంగు అంగట్లోంచి నిన్న తెచ్చినట్టుంటుంది. పైన వెలిసిన గ్యాసు మాత్ర మెరూన్, మడత లోపల నిగనిగలాడుతూ కనిపిస్తే అమ్మని పిలిచి చూపించాను. "కొన్నప్పుడు ఇలాగే ఉండేది" అంది. కొన్నది కాదని ఆవిడకీ తెలుసు.

ఇప్పుడు మనం కట్టుకునే టై తయారీ పద్ధతి 1920ల నాటిది. న్యూయార్కులో జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ అనే ఆయన గుడ్డని 45 డిగ్రీల వాలులో కత్తిరించి, మూడు ముక్కలుగా కలిపి కుట్టే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. పడుగు వైపు లాగినా పేక వైపు లాగినా గుడ్డ సాగదు, మూలగా లాగితే సాగుతుంది. ముడి వేసి వేసి విప్పినా టై మెలిక పడకుండా తిన్నగా వేలాడేది అందుకే. మన ఆడవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. క్రాస్ కటింగ్ జాకెట్టు ఒంటికి ఎందుకు పడుతుందో తెలిసిన ఎవరికైనా టై సంగతి తెలిసినట్టే. ఆ రోజుల్లోనే ప్యారిస్‌లో మాడెలిన్ వియోనే అనే ఆవిడ ఇదే క్రాస్ గుడ్డతో ఆడవాళ్ల గౌన్లు కుట్టి పేరు తెచ్చుకుంది. అంటే మగవాళ్ల మెడకి బిగిసిందీ, ఆడవాళ్లకి బిగుతు తగ్గించిందీ ఒకే కత్తిరింపు. ఇది చదివినప్పుడు నాకు భలే సరదా వేసింది.

కానీ ఆ క్రాసే నన్ను ఏడిపించింది కూడా. విప్పిన ముక్కలు ఒకదానికొకటి కలిపి మిషను మీద పెడితే, పాదం కింద సాగిపోయి, పక్క పొడవుగా మిగిలి, అలలు అలలుగా వచ్చింది. దానికి తోడు అన్ని ముక్కల వాలూ ఒకే వైపు ఉంటే, కుట్టిన బట్ట మొత్తం ఒక పక్కకి తిరిగిపోతుంది. ముక్కని తలకిందులు చేసినా వాలు మారదు. మా వీధి చివర జాకెట్లు కుట్టే ఆవిడ చూసి, "టీచర్ గారూ, క్రాస్‌ని క్రాస్‌కి కట్టేస్తే ఎవరు ఎవర్ని ఆపుతారండీ?" అంది. కింద నిలువుపోగు లైనింగు పరిచి, ప్రతి ముక్కనీ దాని మీద కచ్చాకుట్టుతో నిలబెట్టి, అప్పుడు కలపమంది. రాజమండ్రి తాడితోట మార్కెట్లో మెత్తటి మల్‌మల్ తెచ్చాను. ఉతికి, ఆరేసి, ముక్కల్ని దాని మీద పరిచాను. అంతటితో ఆ తిరుగుడు ఆగింది. ఏ వీడియోలోనూ లేని మాట ఆవిడ పక్కపిన్ను నోట్లో పెట్టుకుని చెప్పింది.

ఉతకడం ఇంకో కథ. ముందు ఏది పట్టో ఏది కాదో తేల్చుకోవాలి. లోపలి అంచు నుంచి రెండు పోగులు లాగి అగ్గిపుల్లకి అంటించాను. పట్టయితే వెంట్రుకలు కాలినట్టు కమురు కంపు కొట్టి, బూడిద వేళ్ల మధ్య పొడైపోతుంది. పాలిస్టర్ కరిగి నల్ల పూసలా గట్టిపడుతుంది. 41లో పట్టువి 9. మిగతా 32 జబ్బులూ పాలిస్టర్‌వే. కంపెనీ మన మెడకి అంతకంటే ఎక్కువ ఎందుకు పెడుతుంది! పట్టువాటిని కుంకుడుకాయ రసంలో ఒక్కొక్కటి విడిగా ముంచి తీశాను. కలిపి నానబెడితే ఒకదాని ఎరుపు ఇంకోదానికి అంటుకోవడం ఖాయం. నీడన ఆరేసి, తిరగేసి, పైన పల్చటి గుడ్డ వేసి ఇస్త్రీ చేశాను. మెడ చుట్టూ తిరిగే భాగంలో మాత్రం కుంకుడుకీ లొంగని మరకలు. చెమట పట్టుని తినేస్తుంది. అక్కడ గోరుతో గీస్తే పోగులు విడిపోతున్నాయి. ఆ ముక్కలు దేనికీ పనికిరావు. 29 ఏళ్ల మే నెలలు అక్కడ ఉన్నాయి.

ఎనిమిది పట్టు టైల వెడల్పు ముక్కలతో అమ్మకి ఒక జాకెట్టు కుట్టాను. వెనక నాలుగు ముక్కలు నిలువుగా, ముందు మామూలు క్రాస్ కటింగే, చేతులకి మిగిలినవి. లోపల మల్‌మల్. మెడకి పైపింగ్ కోసం విడిగా క్రాస్ పట్టీ కత్తిరించే పనే లేదు, టై సన్నకొస పుట్టుకతోనే క్రాస్ పట్టీ. అమ్మ దగ్గర బండారులంక చీర ఒకటుంది, గచ్చకాయ రంగు. దానికీ, ఇంకో మూడు నేత చీరలకీ అదే జాకెట్టు. "రంగురంగులుగా ఉంది, ఈ వయసులో ఏం వేసుకుంటానే" అని మొదట నసిగింది. ఇప్పుడు దాని పక్కన 31 గీతలున్నాయి. చంకల్లో కుట్టు ఒకసారి ఊడింది. మళ్లీ వేశాను. కుట్టు ఊడటం కూడా నాకు మెచ్చుకోలులాగే అనిపించింది. ఆ లంగాకి అలాంటి అవకాశమే రాలేదు మరి.

అన్నిటికంటే ఎక్కువ గీతలు దేనికో చెబితే నవ్వుతారు. గ్యాసు మాత్ర టై కొసని జానెడు కత్తిరించి, పైకి మడిచి, రెండు పక్కలా కుట్టేశాను. కోసుగా ఉన్న కొన మూతలా కిందికి వాలుతుంది. ఏడు నిమిషాల పని. అమ్మ కళ్లజోడు పెట్టుకునే సంచి. రోజూ వాడుతుంది, దానికి గీతలు గీయడం మానేశాను. సంచులూ పర్సులూ కుట్టేవాళ్లని నేనే ఒకప్పుడు చిన్నచూపు చూశాను, బట్ట కుట్టడం చేతకాక ఇవి కుడుతున్నారని. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. పాలిస్టర్ టైకి మా వాతావరణంలో ఒంటిమీద చోటు లేదు. కళ్లజోడుకి చెమట పట్టదు.

ఇక డబ్బు సంగతి. అమ్మ జాకెట్టు చూసి పట్నంలో బట్టల షాపు నడిపే ఒకావిడ ఫోను చేశారు. అలాంటివి కుట్టిస్తే ఒక్కోటి 900కి తీసుకుంటానన్నారు. విప్పడం, ఉతకడం, పరవడం, కచ్చాకుట్టు, కుట్టడం అన్నీ కలిపితే నాకు 16 గంటలు పట్టింది. గంటకి 56 రూపాయలు, దారం, లైనింగు కూడా నావే. ఆ మాటే చెబితే, "ఖాళీ టైమ్‌లో చేసుకునేదే కదండీ, సరదాగా!" అన్నారు.

ఈ ఖాళీ టైమ్ అనే మాట మా ప్రాంతానికి కొత్త కాదు. నర్సాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు క్రోషె సూదితో లేసు అల్లుతారు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల దగ్గర నేర్చుకున్న పని అది, విదేశాలకి ఎగుమతి అవుతుంది, 2024లో భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు కూడా వచ్చింది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1970ల చివర్లో ఇక్కడికొచ్చి, ఆ లేసు అల్లేవాళ్ల మీద పరిశోధన చేసి 1982లో పుస్తకం తెచ్చింది. ఆవిడ పట్టుకున్న కిటుకు ఇదే. ఆ ఆడవాళ్లని పనివాళ్లనకుండా గృహిణులన్నారు, అల్లికని పని అనకుండా తీరిక వేళ కాలక్షేపమన్నారు. అలా అనేస్తే కూలి ఎంత తక్కువిచ్చినా అడిగేవాళ్లుండరు. అరుగుల మీద కూర్చుని, కబుర్లు చెబుతూనే, కళ్లు సూది మీంచి తీయకుండా అల్లేవాళ్లని నా చిన్నప్పుడు ఎంతమందిని చూశానో. వాళ్లలో ఎవరూ నాకు తీరిగ్గా ఉన్నట్టు అనిపించలేదు.

అందుకే ఆ 900 బేరం ఒప్పుకోలేదు. నాకు జీతం వస్తుంది కాబట్టి వద్దనగలిగానని తెలుసు. కానీ పాత గుడ్డ ఊరికే వచ్చింది కాబట్టి దానితో కుట్టింది చవగ్గా ఉండాలనే లెక్క మాత్రం తప్పు. ఊరికే వచ్చిన గుడ్డకే పని ఎక్కువ. కొత్త తాను కత్తిరించి లైనింగు జాకెట్టు కుట్టడానికి మా వీధి చివర ఆవిడకి మూడు గంటలు చాలు, 400 తీసుకుంటుంది. దాని ప్రకారం టైల జాకెట్టు రెండు వేలు దాటాలి. ఆ ధరకి ఎవరూ కొనకపోతే ఎవరింట్లో గుడ్డ వాళ్లింట్లోనే కుట్టుకుని వేసుకోవడం నయం. ఇది సరుకు కాదని అందరం ఒప్పుకుంటే పోలా? మా చెల్లి ఇది చదివితే మళ్లీ ఫోను చేస్తుంది.

స్కూలు టైల గురించి ఒక్క ముక్క. జూన్ వస్తే చాలు, ముందే ముడేసి, వెనక ఎలాస్టిక్ పెట్టిన పాలిస్టర్ టైలు ఎల్‌కేజీ పిల్లల మెడలకి ఎక్కుతాయి. మా అమ్మాయి ఐదో తరగతి దాటేసరికి 7 అయ్యాయి. స్కూలు మారితే టై మీది చారల రంగు మారుతుంది, తమ్ముడికి కూడా పనికిరాదు. వాటితో ఏం కుట్టాలని చాలామంది అడిగారు. ఏమీ కుట్టలేం. వెడల్పు లేదు, మెత్తదనం లేదు, ఇస్త్రీపెట్టె తగిలితే కరుగుతుంది. ఎలాస్టిక్ ఊడదీసి దాచుకున్నాను, మిగతాది పారేశాను. కుట్టు తెలిసినంత మాత్రాన అన్నిటికీ దారి దొరకదు. ఈ ఉక్కలో చిన్నపిల్లల మెడకి అది ఎందుకని అడగాల్సిన చోట, దాన్ని మళ్లీ ఎలా వాడాలా అని సూది దారం పట్టుకుని కూర్చోవడం నాకు నచ్చదు. ఒకసారి తల్లిదండ్రుల మీటింగులో అడిగాను కూడా. "డిసిప్లిన్ అండీ" అన్నారు.

మొన్న ఆదివారం పక్కింటి పిన్నిగారు కవరుతో వచ్చారు. వాళ్లబ్బాయి బెంగళూరులో ఉంటాడు. పెళ్లయి ఆరేళ్లయింది. కవరులో ముదురు నీలం పట్టు టై, ఇంకా మడత నలగలేదు.

"ఎన్నిసార్లు కట్టుకున్నాడు పిన్నిగారూ?"

"రిసెప్షన్‌కేనమ్మా. అది కూడా ఫోటోలు అయ్యేదాకానే. తర్వాత గాలాడట్లేదని విప్పేసి జేబులో పెట్టుకున్నాడు. ఏవైనా అవుద్దా దీంతో?"

నాకూ ఒక కళ్లజోడు సంచి కుట్టివ్వు, మీ అమ్మకి కుట్టినట్టు అని తర్వాత నెమ్మదిగా బయటపెట్టారు. పట్టుగుడ్డతో సంచి ఎందుకు, జాకెట్టు చేతులకి వేద్దామన్నాను. వద్దు, సంచే కావాలన్నారు. సరేనని అక్కడే బ్లేడు తీసి రెండు కొసల కుట్లూ తెంపి, దారం ఉచ్చు పట్టుకుని లాగాను. టై తెరుచుకుంది. మడత లోపలి నుంచి ఒళ్లో ఏవో రాలాయి. మూడు అక్షింతలు. పసుపు చాలావరకు వెలిసిపోయింది. ఒకదానికి పురుగు పట్టింది.